కుక్క తిరిగే లాన్‌లో తుంగ, నత్తలు: మధురవాడలో ఒక ఇంటి కేస్ స్టడీ

2022 జూలైలో మధురవాడ నుంచి ఒక మేడమ్ గారు ఫోన్ చేశారు. లాన్ ఎంత ఉంది, నెలకి ఎంత తీసుకుంటారు, ఇవేమీ మాట్లాడలేదు. "బాబూ, మీరు మందు కొట్టకుండా చేస్తారటగా, నిజమేనా?" అని అడిగారు. విశాఖలో పద్నాలుగేళ్ళుగా ఇళ్ళ తోటలు చూసుకుంటున్నాను. ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరైనా అడిగారంటే ఆ ఇంట్లో ఏదో జరిగే ఉంటుంది.

జరిగింది ఇదీ. వాళ్ళకి చిన్ని అని ఆరేళ్ళ లాబ్రడార్ ఉంది, ఇరవై ఎనిమిది కిలోల కుక్క. వానలు మొదలవగానే నత్తలు విపరీతంగా వచ్చాయని, అంతకుముందు తోట చూసే మనిషి నత్తల గుళికలు తెచ్చి ప్రహరీ పొడుగునా చల్లి, మిగిలిన ప్యాకెట్ మోటారు షెడ్డులో మూల పెట్టి వెళ్ళాడు. చిన్ని ఆ ప్యాకెట్ చింపింది. రెండు గంటల్లోపే చొంగ కారడం, కాళ్ళు వణకడం మొదలై, కాసేపటికి తలుపు చప్పుడైనా ఒళ్ళంతా ఎగిరిపడే స్థితికి వచ్చింది. వీళ్ళు అదృష్టవశాత్తూ చింపిన ప్యాకెట్ కూడా చేతిలో పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. రెండు రోజులు సెలైన్ మీద ఉండి బతికింది. ఆ మనిషిని నేను తప్పుపట్టను. షాపులో అడిగాడు, ఇచ్చారు, తెచ్చాడు. ఇంట్లో కుక్క ఉందా అని అతన్ని అడిగినవాళ్ళు లేరు.

ఆ గుళికల్లో ఉండేది మెటాల్డిహైడ్, మన దగ్గర 2.5 శాతం దొరుకుతుంది. ప్రమాదం మందులో ఎంత ఉందో దాన్ని కలిపిన పదార్థంలో కూడా అంత ఉంది, ఎందుకంటే నత్తలు రావాలని తవుడు, బెల్లం లాంటివి కలుపుతారు, ఆ వాసన కుక్కకి బిస్కెట్ వాసన. దీనికి ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు. ఫిట్స్ ఆపడం, ఒళ్ళు చల్లబరచడం (జ్వరం 42 డిగ్రీల దాకా పోగలదు), లోపలికి పోయినదాన్ని తీసేయడం, డాక్టర్లు చేయగలిగింది ఇంతే. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి కక్కించబోవడం మాత్రం చాలా ప్రమాదం, వణుకు మొదలయ్యాక అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోగలదు. గ్రేట్ బ్రిటన్‌లో ఈ మందును ఆరుబయట వాడటం 2022 మార్చి 31 తర్వాత పూర్తిగా ఆపేశారు, కారణం పక్షులూ చిన్న జంతువులూ. మన దగ్గర ఇంకా అమ్ముతున్నారు.

వాళ్ళతో మాట్లాడినప్పుడు నేను ఒకే షరతు పెట్టాను. ఫలితం నిదానంగా వస్తుంది, రెండు మూడు వానాకాలాలు పడుతుంది, మధ్యలో విసిగిపోయి ఎవరో చెప్పారని ఏదీ చల్లకూడదు. సార్ ఒప్పుకోవడానికి కాస్త తటపటాయించారు. మేడమ్ గారు వెంటనే సరేనన్నారు.

మొదటి చూపు

లాన్ సుమారు రెండు వందల యాభై గజాలు, మెక్సికన్ గ్రాస్. ఒక పక్క ప్రహరీ, ప్రహరీ అవతల కొన్నేళ్ళుగా ఖాళీగా పడి ఉన్న ప్లాటు. ఇంకో పక్క కుళాయి, మోటారు షెడ్డు. మధ్యలో చిన్న కలువ తొట్టి, అందులో చేపలు, రాత్రిళ్ళు కప్పలు. గోడ పక్కన మల్లె పందిరి, కరివేపాకు, మునగ. చిన్నితో పాటు వచ్చిపోయే రెండు పిల్లులు, ఖాళీ ప్లాటులోంచి వచ్చే ముంగిస, గోరువంకలు, ఒక జెముడుకాకి జంట. వీటన్నిటినీ రాసుకున్నాను, ఎందుకంటే ఇక్కడ ఏది వాడినా అది వీటిలో ఏదో ఒక దాని నోటికి చేరుతుంది.

కలుపులో సగం పైన తుంగ. కుళాయి దగ్గర అయితే లాన్ గడ్డి కంటే తుంగే ఎక్కువ. మిగతాది పులిచింత, నానబాలు, గడ్డి చేమంతి, అక్కడక్కడా అత్తపత్తి. ఇవి పెద్ద సమస్య కాదు, తడి నేలలో చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. తుంగ అలా రాదు. లాగితే పైది తెగి చేతికొస్తుంది, కింద గడ్డ ఉండిపోతుంది, దానికి దారంలాంటి వేరుతో ఇంకో గడ్డ, దానికి ఇంకొకటి. ఆయుర్వేదం కొట్లలో తుంగముస్తలు అని అమ్మేవి ఈ గడ్డలే.

నత్తల సంగతి పగలు చూస్తే తెలియదు. కానీ ప్రహరీకి సున్నం కొట్టి ఉంది, దాని మీద మోకాలి ఎత్తు వరకు వంకర టింకరగా గీకినట్టు మరకలున్నాయి. వర్షానికి సున్నం పోయిందనుకుంటున్నారు ఇంట్లోవాళ్ళు. అది నత్తల పని. గుల్ల పెరగడానికి వాటికి కాల్షియం కావాలి, గోడ సున్నం గీక్కుని తింటాయి. ఆ మరకలు చూసి ఇవి ఆఫ్రికన్ రాక్షస నత్తలేనని, సంఖ్య బాగా ఎక్కువని అనుకున్నాను. ఆ రాత్రి ఏడున్నరకి ఇద్దరు కుర్రాళ్ళని తీసుకుని టార్చ్‌లతో వెళ్ళాం. రెండు గంటల్లో 214 ఏరాం.

ఈ నత్త మన దేశానిది కాదు. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చిన వాటిని కలకత్తా చౌరంగీ దగ్గర ఒక తోటలో వదిలారు, అక్కడి నుంచి వ్యాపించింది. ఆడ, మగ రెండు అవయవాలూ ఒకే నత్తలో ఉంటాయి కాబట్టి ప్రతి నత్తా గుడ్లు పెట్టగలదు. విడతకి వంద నుంచి నాలుగు వందల దాకా పెడుతుంది, ఏడాదికి ఎన్నో విడతలు. అయితే మన తోటల్లో మన సొంత నత్త కూడా ఉంటుంది, గుల్ల బల్లపరుపుగా, నాణెంలా చుట్టుకుని ఉంటుంది. ఆఫ్రికన్ నత్త గుల్ల పొడుగ్గా శంఖంలా, గోధుమ రంగు చారలతో ఉంటుంది. మా కుర్రాళ్ళకి మొదటిరోజే రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను, బల్లపరుపువి ఎక్కడివక్కడే వదిలేయమని. అవీ ఆకులు కొరుకుతాయి, కానీ ఆ ఇంట్లో అవి పదో పన్నెండో ఉన్నాయి, వాటితో ఇబ్బందేం లేదు.

రెండింటికీ ఒకటే కారణం

రెండో రోజు నేను సాయంత్రం ఐదింటికి వెళ్ళాను, నీళ్ళు ఎలా పెడుతున్నారో చూద్దామని. స్ప్రింక్లర్ ఆరింటికి ఆన్ చేసి నలభై నిమిషాలు, రోజూ. జూలైలో కూడా, వాన పడిన రోజు కూడా. కుళాయి కింద వాషర్ పోయి రాత్రంతా చుక్కచుక్కగా కారుతోంది, సరిగ్గా తుంగ చాప పరిచినట్టున్న చోట. గడ్డి కోసే మిషన్‌ని బాగా కిందికి దించి ముప్పావంగుళానికి కోస్తున్నారు, నేల కనిపించేలా. నేలేమో మనుషులు, కుక్క తొక్కి తొక్కి గట్టిపడింది, నీళ్ళు దిగవు.

నా లెక్కలో ఈ కేసంతా ఇక్కడే ఉంది. తుంగకి తడి, ఎండ, పైన నీడ పట్టే పోటీ గడ్డి లేకపోవడం, ఈ మూడూ కావాలి. నత్తకి రాత్రంతా తడిగా ఉండే నేల కావాలి, ఎండిన నేల మీద అది పాకలేదు, ఒళ్ళు ఆరిపోతుంది. సాయంత్రం నీళ్ళు పెట్టి, గడ్డి గుండు కొట్టినట్టు కోసి, మనమే రెండింటికీ విందు పెడుతున్నాం. ఇంతమంది నన్ను మందు పేరు అడుగుతారు, నీళ్ళు పెట్టే వేళ సంగతి అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మార్చినవి ఇవి. వానాకాలం స్ప్రింక్లర్ పూర్తిగా బంద్. మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, కాస్త ఎక్కువసేపు. స్క్రూడ్రైవర్ గుచ్చితే నాలుగంగుళాలు సులువుగా దిగాలి, అంతవరకు పెట్టి ఆపేయాలి. పది గంటలకల్లా పైన ఆరిపోతుంది, రాత్రికి నత్త నడిచే దారి పొడిగా ఉంటుంది. కుళాయి వాషర్ ఇరవై రూపాయలు. మిషన్ రెండంగుళాలకి ఎత్తాం. గునపంతో జానెడు దూరంలో రంధ్రాలు చేసి ఇసుక నింపాం, దానికే ముగ్గురికి రెండు రోజులు పట్టింది. రెండు నెలల్లో గడ్డి ఒత్తుగా అయింది, కొత్తగా పులిచింత, నానబాలు మొలవడం బాగా తగ్గింది, ఎందుకంటే వాటి గింజకి వెలుతురు తగలడం లేదు.

కలుపు మందు ఎందుకు వద్దన్నాను

సార్ నన్ను దీని మీద చాలాసార్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. గ్లైఫోసేట్ కొడితే తుంగతో పాటు లాన్ కూడా పోతుంది, పైగా 2022 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప వేరెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ పేరు నా ముందు ఎత్తొద్దని చెప్పాను, మనిషికైనా కుక్కకైనా దానికి విరుగుడు లేదు, దాని వల్ల పోయిన ప్రాణాలు మన పల్లెల్లో అందరికీ తెలుసు. 2,4-డి వెడల్పాటి ఆకుల కలుపుకి తప్ప తుంగకి సరిగ్గా పనిచేయదు, గాలికి ఎగిరితే పక్కన టమాటా, మునగ ముడుచుకుపోతాయి. తుంగకి నిజంగా పనిచేసేది హాలోసల్ఫ్యూరాన్ మిథైల్, చెరకులో రైతులు వాడతారు, నేను పొలాల్లో చూశాను. కానీ లేబుల్ మీద చెరకు అని ఉంటే ఇంటి లాన్‌లో ఎంత మోతాదు, ఎన్ని రోజులు కుక్కని ఆపాలి అనేది నేను ఊహించి చెప్పాలి. గడ్డి మీద పొర్లాడి, తర్వాత కాళ్ళు నాక్కునే జంతువు విషయంలో నేను ఊహించి చెప్పను.

వెనిగర్ గురించి కూడా అడుగుతుంటారు. అది పై ఆకుని మాడుస్తుంది, గడ్డని ఏమీ చేయదు, చుట్టూ లాన్‌ని కూడా మాడుస్తుంది. దారిలో వేసిన టైల్స్ సందుల్లో మాత్రం మరిగే నీళ్ళు పోశాం, నెలకి రెండుసార్లు, చిన్నిని లోపల కట్టేసి. అక్కడికి అది చాలు.

తుంగ మీద అసలు పని తవ్వకమే. తడి నేలలో తొలికతో జానెడు లోతు దింపి, మట్టి పెళ్ళతో సహా పైకి లేపి, గడ్డ దొరికేదాకా వదలకూడదు. అన్నీ దొరకవు. దొరకనివి మళ్ళీ మొలకేస్తాయి, మొలక వేసినప్పుడల్లా గడ్డలోని బలం ఖర్చవుతుంది. మొలిచిన మూడు నాలుగు వారాల్లో అది కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది కాబట్టి రెండు వారాలకోసారి తప్పకుండా తియ్యాలి. ఒక్కసారి నెల దాటితే అంతకుముందు చేసిందంతా వృథా. ఆ అక్టోబర్‌లో మా కుర్రాడికి జ్వరం వచ్చి ఐదు వారాలు పోయాయి, నవంబర్‌లో చూస్తే తూర్పు మూల మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ రోజు నాకు బాగా దిగులేసింది. దాని తర్వాత సార్ స్వయంగా క్యాలెండర్ మీద తేదీలు రాసి, మేము రాని వారం తనే తొలిక పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఈ పనిలో నిజమైన మలుపు అదే అనిపిస్తుంది నాకు.

కుళాయి దగ్గర ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ముక్కలో లాన్ అనేదే మిగల్లేదు కాబట్టి అక్కడ 2023 ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి వరకు ఎండ పట్టించాం. నేల బాగా తడిపి, పారదర్శక పాలిథిన్ పరిచి, అంచులు మట్టిలో పూడ్చేశాం. నల్ల షీట్ అయితే తుంగ సూదిలా పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. పారదర్శకం కింద వెలుతురు తగిలి ఆకు అక్కడే విచ్చుకుంటుంది, ఆ వేడికి మాడిపోతుంది. చిన్ని ఒకసారి గోళ్ళతో చింపింది, చుట్టూ కోళ్ళ మెష్ కట్టాల్సొచ్చింది. జూన్‌లో అక్కడ కొత్త గడ్డి నాటాం. లోతు గడ్డలు కొన్ని బతికి మొలిచాయి కానీ, ముందు చేటలకొద్దీ తీసిన చోట ఇప్పుడు చేత్తో లెక్కపెట్టేలా వచ్చాయి.

అసలు తుంగ ఆ ఇంటికి ఎలా వచ్చిందో కూడా తెలిసింది. రెండేళ్ళ కింద ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి లాన్ మీద చల్లారట. ఇప్పుడు నేను ఏ మట్టి, ఎరువు తెచ్చినా ఒక ట్రేలో పోసి, తడిపి, పదిహేను రోజులు ఎండలో పెట్టి చూస్తాను. తుంగ సూది కనిపిస్తే ఆ లోడు వెనక్కి.

గడ్డి చేమంతిని మాత్రం ప్రహరీ మూలన ఒక మంచమంత జాగాలో ఉంచేశాం. సీతాకోకచిలుకలు వాలుతున్నాయి, మేడమ్ గారికి ఇష్టం.

నత్తలు

కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్ళు ఈ నత్తలకి పొగాకు కషాయం, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి కొట్టే పద్ధతి చెప్పారు, అక్కడ చాలాచోట్ల వాడారు. ఈ ఇంట్లో నేను వాడలేదు. మైలుతుత్తం చేపలకీ వానపాములకీ చేటు, పక్కనే కలువ తొట్టి. పొగాకులోని నికోటిన్ కుక్కకి విషం. ఉప్పు అప్పటికే పాత మనిషి గోడ పక్కన గీతలా పోసి ఉన్నాడు, ఆ గీత పొడుగునా గడ్డి ఎర్రగా మాడి, నీళ్ళతో కడిగి కడిగి ఏడాదికి గానీ కోలుకోలేదు. గుడ్డు పెంకులు, కాఫీ పొడి మేడమ్ గారు పట్టుబట్టి చల్లించారు, నత్తలు వాటి మీదుగానే వెళ్ళాయి. రాగి పట్టీ కుండీల చుట్టూ కట్టాం. కొత్తలో కొంత ఆగాయి, నల్లబడ్డాక పెద్దవి దాటేశాయి.

అమెరికాలో ఉన్న వాళ్ళ అబ్బాయి ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పంపుతానన్నాడు. మెటాల్డిహైడ్‌తో పోలిస్తే అది చాలా నయం, పలచగా చల్లితే కుక్కకి పెద్ద ముప్పు ఉండదు. కానీ మన చిన్ని చల్లినవి ఏరుకుని తినలేదు, ప్యాకెట్ చింపి తింది. డబ్బా మొత్తం తింటే అందులోని ఇనుము కూడా ప్రమాదమే. ఈ ఇంట్లో ఎర అనేదే వద్దన్నాను.

కాబట్టి చేత్తో ఏరడమే, గ్లవ్స్ వేసుకుని, పట్టుకారుతో. గ్లవ్స్ ఎందుకంటే ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక పురుగు పిల్ల దశలో ఈ నత్తల్లో బతుకుతుంది, నత్తని గానీ దాని జిగురు అంటిన పచ్చి ఆకుకూర గానీ తింటే మనిషికి మెదడు పొరల వాపు రావచ్చు, నత్తని నమిలిన కుక్కకీ ఆ జబ్బు రావచ్చు. అందుకే ఏరేటప్పుడు చిన్ని లోపల ఉండాలి, ఆ పెరట్లో కోసిన కొత్తిమీర పచ్చిగా తినకూడదని గట్టిగా చెప్పాను. ఎలుకల మందు కూడా మాన్పించాను, ఆ ఎలుకని పిల్లి తిన్నా గుడ్లగూబ తిన్నా అవీ పోవచ్చు. బదులు చెత్త డబ్బాకి మూత పెట్టించాం, రాత్రి కుక్క గిన్నె బయట వదలకుండా చేశాం.

ఏరడంతో పాటు మందు లేని వల ఒకటుంది. గోనె సంచి తడిపి, కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ పై ఆకులు వేసి సాయంత్రం గోడ పక్కన పరిస్తే, తెల్లారేసరికి నత్తలు దాని కింద దాక్కుని ఉంటాయి. ఎండెక్కకముందే తీయాలి. పట్టినవాటిని ఏం చేయాలి అన్నది చాలామంది మాట్లాడరు. గోడ అవతల విసిరితే రెండు రాత్రుల్లో తిరిగొస్తాయి. మామూలు నీళ్ళలో ముంచితే గంటలకొద్దీ నరకం. మేము పెద్ద డేగిసాలో మరిగే నీళ్ళలో వేస్తాం, క్షణంలో అయిపోతుంది, తర్వాత రెండడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చేస్తాం. గుల్లలు పైన వదిలితే వాన నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి.

అందరూ వానలో నత్తల వెంట పడతారు, ఎక్కువ లాభం మాత్రం వేసవిలో ఉంది. మార్చి, ఏప్రిల్‌లో అవి గుల్ల నోటికి తెల్లటి పొర కప్పుకుని గోడ పగుళ్ళలో, కుండీల వెనక, పేర్చిన కొబ్బరి మట్టల కింద నిద్రపోతుంటాయి. కదలవు. 2023 మార్చిలో ఒక్క మట్టల కుప్ప కింద డెబ్బై పైన దొరికాయి. ఆ కుప్ప, విరిగిన సిమెంటు రేకులు, వాడని కుండీలు మొత్తం తీయించేశాను. మట్టిలో సగ్గుబియ్యంలా లేత పసుపు గుడ్ల గుత్తులు దొరికితే అవీ మరిగే నీళ్ళలోకే. ప్రహరీ అవతల ప్లాటు యజమానిని సార్ ఫోన్‌లో ఒప్పించారు, గోడ వెంట పదడుగుల మేర ఏడాదికి రెండుసార్లు మేమే చదును చేస్తున్నాం. ముంగిస బొరియ వైపు మాత్రం ముట్టుకోలేదు.

తొలి వాన రాత్రి లెక్క ఏటా రాసుకుంటున్నాను. 2022లో మేం మొదలుపెట్టిన రాత్రి 214. 2023లో 63. 2024లో 19. తుంగ ఇంకా ఉంది, కుళాయి దగ్గర, తూర్పు మూలన, రెండు వారాలకి గిన్నెడు. అది పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేదు. మొన్న ఆగస్టులో జెముడుకాకి ఒక నత్తని మల్లె పందిరి కిందికి లాక్కెళ్ళి గుల్ల పొడిచి తినడం చూశాను. ఆ నత్తలో ఏ మందూ లేదు కాబట్టి నిశ్చింతగా నిలబడి చూడగలిగాను.

2024 సెప్టెంబర్‌లో వెళ్ళినప్పుడు షెడ్డులో కొత్త బస్తా కనిపించింది. వేప పిండి తెమ్మంటే షాపులో లేదని ఆముదం పిండి ఇచ్చారట, ఎరువే కదా అని తెచ్చారు. ఆముదం పిండిలో రైసిన్ అనే విషం ఉంటుంది, దాని వాసనకి కుక్కలు ఎగబడి తింటాయి, కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. బస్తా మూతి అప్పటికే విప్పి ఉంది. చిన్ని వరండాలో పడుకుని ఉంది, లేపి నోరు చూశాను, బస్తా చుట్టూ నేల చూశాను, తిన్న ఆనవాలు లేదు. అయినా రెండు రోజులు వాంతులు, విరేచనాలు ఏమైనా ఉన్నాయేమో చూడమని, కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పి, బస్తా నా బండిలో వేసుకుని వచ్చేశాను. మర్నాడు షెడ్డు తలుపుకి గడియ పెట్టించి, ఈ ఇంట్లోకి రాకూడనివి ఏమేమిటో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపలి వైపు అంటించాం. మూడో రోజు మేడమ్ గారు ఫోన్ చేసి, చిన్ని బాగానే ఉందన్నారు.